ఉద్యోగం మానేసి కలంకారీ నేర్చుకోవచ్చా? ముందు ఒక దుపట్టా లెక్క చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 27, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేసే అలవాటు, ఇన్‌స్టాగ్రామ్‌లో అడపాదడపా పెళ్ళి కార్డులకీ పుస్తకాల అట్టలకీ ఆర్డర్లు. ఈమధ్య రెండు రోజుల వర్క్‌షాప్‌లో కలంకారీ కలం పట్టుకున్నారు, అప్పటి నుంచి ఆఫీసులో మనసు నిలవడం లేదు. నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది, దాని మీద బతకొచ్చా, ఉద్యోగం ఎప్పుడు మానెయ్యాలి అని మూడు అడిగారు.

నేను శ్రీకాళహస్తిలో 22 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ కలం పట్టినవాళ్ళు లేరు. 29 ఏళ్ళప్పుడు చంటిదాన్ని పక్కన పడుకోబెట్టుకుని మొదలుపెట్టాను. కాబట్టి మీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను: ఇప్పుడు మానెయ్యొద్దు. ఎప్పుడు మానెయ్యాలో చెప్పాల్సింది నేను కాదు, మీ నోటుపుస్తకం. దాని సంగతి కిందకి వస్తాను.

రెండు రోజుల వర్క్‌షాప్‌లో ఏం చేయించి ఉంటారో నాకు తెలుసు, నేనూ అలాంటివి చాలా నడిపాను. పాలు పట్టించి ఆరేసిన గుడ్డ చేతికిస్తాం, నల్లరంగు సీసాలో పోసి ఇస్తాం, నెమలి బొమ్మ బొగ్గుతో ముందే గీసి ఉంటుంది. వచ్చినవాళ్ళు గీత మీద గీత వేసి, రంగు నింపుకుని, ఫొటో తీసుకుని వెళ్తారు. తప్పేం లేదు, అందరికీ సరదా. కానీ అది వంట నేర్చుకోవడం కాదు, వడ్డించిన విస్తరి ముందు కూర్చోవడం.

అసలు పని గుడ్డ దగ్గర మొదలవుతుంది. ముతక నూలు గుడ్డ తెచ్చి, గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. కరక్కాయ నూరి పచ్చి గేదెపాలల్లో కలిపి, అందులో గుడ్డ ముంచి, అంతటా సమంగా పిండి, ఎండలో ఆరెయ్యాలి. పాలల్లో వెన్న ఉండబట్టే రంగు గీత దాటి పాకదు. కరక్కాయలో వగరు ఉండబట్టే ఇనుపనీళ్ళు తగలగానే గుడ్డ నల్లబడుతుంది. పిండేటప్పుడు ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా పిండారనుకోండి, ఆ సంగతి అప్పుడు తెలీదు. వారం తర్వాత కృష్ణుడి ముక్కు గీస్తుంటే ఆ మెత్తగా పిండినచోటే గీత ఈకలు ఈకలుగా పాకుతుంది.

నల్లరంగుకి కసింకారం అని పేరు, మేం కసిం అనే అంటాం. తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి మూడు వారాల దాకా పులియబెడతాం. గీసేటప్పుడు గీత చప్పగా, వేశామో లేదో అన్నట్టుంటుంది. చూస్తూ చూస్తుండగానే నల్లబడుతుంది. ఇక దాన్ని చెరపడం ఉండదు. వెదురుపుల్లని చెక్కి, మొన పైన కంబళి ఉన్ని చుట్టి, దారంతో బిగించి కడితే అదే కలం. ఉన్నిని వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. కంప్యూటర్ పెన్నుకి అలవాటుపడిన చెయ్యి ఇక్కడే తడబడుతుంది, ఎందుకంటే ఇక్కడ వెనక్కి వెళ్ళే మీట లేదు.

ఎరుపు ఇంకో కథ. ఎక్కడ ఎర్రగా రావాలో అక్కడ పటికనీళ్ళు పూసి, ఆరాక ఉతికి, మంజిష్ఠ, సురుడుచెక్క లాంటి ఎరుపునిచ్చే వేర్లూ చెక్కలూ వేసిన నీళ్ళలో గుడ్డని ఉడికిస్తాం. పటిక ఉన్నచోట ఎరుపు పడుతుంది, లేనిచోట లేతగా మురికి అంటినట్టవుతుంది. ఆ మురికి పోవడానికి పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెడుతూ రోజులు గడపాలి. మళ్ళీ పాలు పట్టించాకే పసుపు, నీలం. పసుపుకి కరకపువ్వు, నీలానికి నీలిమందు, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి రంగుకీ ఒక ఉతుకు, ఒక ఎండ. ఉతకడానికి పారే నీళ్ళు కావాలి, అందుకే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. ఇప్పుడు ఏటిలో ఏడాదిలో ఎన్ని నెలలు నీళ్ళుంటాయో ఇక్కడివాళ్ళనెవర్నైనా అడగండి. బోరునీళ్ళలో ఇనుము ఉంటే ఎరుపు చచ్చి మట్టిరంగుకి తిరుగుతుంది.

నా మొదటి ఏడాదిలో జరిగింది చెప్తాను. రెండున్నర మీటర్ల గుడ్డకి పాలూ కరక్కాయా పట్టించి, చాలా శ్రద్ధగా పిండి, డాబా మీద తీగకి ఆరేసి, గొప్ప పని చేశానని కిందకి వచ్చి పడుకున్నాను. సాయంత్రం వెళ్ళి చూస్తే గుడ్డ నడిమధ్యన ఈ చివరి నుంచి ఆ చివరికి స్కేలు పెట్టి గీసినట్టు నల్లటి చార. ఆరేసింది ఇనపతీగ, దానికి తుప్పు. తుప్పూ కరక్కాయా కలిస్తే ఏమవుతుందో మూడు నెలలుగా రోజూ చేతులతో చేస్తున్నదాన్ని, తీగ దగ్గర ఆ ఆలోచనే రాలేదు. మా గురువుగారు చూసి తిట్టలేదు. "ఇదే నువ్వు గీసిన మొదటి తిన్నని గీత" అన్నారు.

ఎన్నాళ్ళు పడుతుందన్నదానికి ఇక నా జవాబు. అంచులు, తీగలు, ఆకులు వణుకు లేకుండా రావడానికి రోజూ కూర్చుంటే ఆరు నెలలు. గుడ్డ తయారీ, రంగులు, ఉతుకులు ఎవరి సాయం లేకుండా చెయ్యగలగడానికి రెండు వర్షాకాలాలు చూడాలి. ఒక్క వర్షాకాలం చాలదు, మొదటిసారి పాడైనవి ఎందుకు పాడయ్యాయో రెండోసారి గానీ తెలియదు. ముఖాలు, కళ్ళు, చేతివేళ్ళు, ఒక కథని గళ్ళు గళ్ళుగా విడగొట్టి కింద పద్యమో మాటో రాసే పెద్ద పటాలు నాకు ఇప్పటికీ పరీక్షే. వారానికి రెండు రోజులే దొరికే మీకు ఇవన్నీ రెట్టింపు అనుకోండి. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేసే అలవాటు కూర్పుకి పనికొస్తుంది, గీతకి పెద్దగా పనికిరాదు.

ఎక్కడ నేర్చుకోవాలంటే, తీరిక ఉన్నవాళ్ళకి తిరుపతిలో టీటీడీ వారి సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కలంకారీ కోర్సు ఉంది. ఉద్యోగం చేసుకుంటూ అది కుదరదు. మీకు కుదిరేది ఇక్కడ ఒక పనివారింట్లో చేరడం. శ్రీకాళహస్తిలో ఆగే తిరుపతి రైలు చూసుకుని రాత్రికి ఎక్కితే పొద్దునకి ఇక్కడ దిగుతారు. నెలకి ఒకసారి శుక్రవారం ఎక్కి, ఆదివారం తిరిగి ఎక్కండి. నేర్పేవారిని ఎంచుకోవడంలో ఒకటే చూడండి: వాళ్ళు మీకు గుడ్డ ఉతకడం, పాలు పట్టించడం అప్పజెప్తున్నారా, లేక నేరుగా రంగులు నింపమంటున్నారా. ఉతకమన్నవాళ్ళ దగ్గరే ఉండండి.

"మాది ఆ కుటుంబం కాదు కదా" అని కూడా రాశారు. ఆ బెంగ వద్దు. ఒకప్పుడు గుళ్ళకి తెరలూ రథాలకి గుడ్డలూ రాసే ఈ పని ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి ఇక్కడ కొన్ని ఇళ్ళకే మిగిలింది. దేశంలో చేతిపనులని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోవడంతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అక్కడ పాఠాలు చెప్పారు. ఆయన కొడుకు గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ కేంద్రం తెరిచాకే బయటివాళ్ళూ నేర్చుకోగలిగారు, ఇవాళ ఈ ఊళ్ళో కలం పట్టిన ఆడవాళ్ళలో చాలామంది నాలాంటివాళ్ళే.

ఇక డబ్బు. ఇక్కడ నెమ్మదిగా చదవండి, చాలామంది జారిపడేది ఇక్కడే.

ఒక నూలు దుపట్టా తీసుకుందాం. లెక్క అర్థం కావడానికి అంకెలు అనుకుంటున్నాను, వీటిని బజారు రేట్ల పట్టిక అనుకోవద్దు. గుడ్డ, పాలు, కరక్కాయ, రంగులు, కట్టెలు, ఉతుకు అన్నీ కలిపి 700 రూపాయలు. బొగ్గుతో బొమ్మ దింపడం, నల్లగీత, పటిక, ఉడకబెట్టడం, రంగులు కలిపి మీ చేతిపని ఐదు రోజులు. క్యాలెండర్ మీద మాత్రం పన్నెండు రోజులు పడుతుంది, ఎందుకంటే ఎండ మన మాట వినదు. మీరే నేరుగా 4,500కి అమ్మారు. 700 తీసేస్తే 3,800, రోజుకి 760. బాగానే ఉందనిపిస్తుంది. అదే దుపట్టా ఒక షాపులో పెట్టి, వాళ్ళు 40 శాతం ఉంచుకుంటే మీ చేతికి 2,700. ఖర్చు పోను 2,000, రోజుకి 400. ఇంకా మీరు రైలు టికెట్టు, ఎగ్జిబిషన్ స్టాల్ అద్దె, అక్కడ తిండి, అమ్ముడుపోకుండా తిరిగొచ్చిన పది దుపట్టాల సంగతి లెక్కలో వెయ్యలేదు. "ఇంకాస్త తగ్గించి చెప్పండక్కా" అని వాట్సాప్‌లో గంటసేపు నడిచిన బేరం కూడా వెయ్యలేదు. అదీ పనిగంటే.

నోటుపుస్తకం అన్నది దీనికోసమే. ప్రతి గుడ్డకీ ఒక పేజీ. మొదలుపెట్టిన తేదీ, ఏ రోజు ఎన్ని గంటలు, ఎంత ఖర్చు, ఏ ఉతుకులో ఏం పాడైంది, ఎన్నాళ్ళకి అమ్ముడుపోయింది, చేతికి ఎంత వచ్చింది. మొదట్లో మీ దుపట్టాకి ఐదు రోజులు కాదు, పదిహేను పడుతుంది. పదిహేను రోజుల దుపట్టాని పదిహేను రోజుల ధరకి ఎవరూ కొనరు. ఐదు రోజుల పనికి మీ చెయ్యి దిగేదాకా మీకు వచ్చేది కూలి కాదు, చదువు. ఆ చదువుకి ఫీజు మీ ఉద్యోగం కడుతుంది. అందుకే మానెయ్యొద్దన్నాను.

ఏడాదికి 12 నెలలు అనుకోకండి. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. గుడ్డ ఆరదు, పాలు పట్టించింది వాసన వేస్తుంది, రంగు పాకుతుంది. ఆ మూడు నెలలు నేను బొగ్గుగీతలు గీసి పెట్టుకుంటాను, వర్క్‌షాపులు చెప్తాను, పాత బాకీల కోసం ఫోన్లు చేస్తాను. తొమ్మిది నెలల సంపాదనతో పన్నెండు నెలలు తినాలి.

నా ఇల్లు గడిచిన తీరు కూడా దాచకుండా చెప్తాను, ఎందుకంటే విజయగాథలు రాసేవాళ్ళు ఈ భాగం ఎగ్గొడతారు. మొదటి మూడేళ్ళు మా ఇంట్లో బియ్యం, పిల్ల ఫీజు మా ఆయన జీతంతో వచ్చాయి. నేను సంపాదించింది గుడ్డకీ రంగులకీ సరిపోయేది. నాలుగో ఏడు నుంచి చేతిలో మిగలడం మొదలైంది. అదీ పటాలు అమ్మి కాదు, చీరలూ దుపట్టాలూ వేసి, ఒక పెద్ద పనివారి దగ్గర పీసుకి ఇంత అని పని చేసి. పీసు పనిని చిన్నచూపు చూడకండి. గుడ్డ వాళ్ళది, అమ్మకం వాళ్ళది, మనకి వేగం వస్తుంది. ఏడాదికి ఒక్క పెద్ద పటం మాత్రం ఎవరూ అడక్కపోయినా వేసుకుంటాను. దాని మీద వచ్చిన డబ్బు తక్కువే, కానీ నాకు తెలిసిన ముఖాలన్నీ వాటి మీదే నేర్చుకున్నాను.

అమ్మకంలో నేను తిన్న దెబ్బ ఒకటి. పేరు చెప్పను, ఒక పెద్ద ఊరి బొటీక్ వాళ్ళు "అమ్ముడుపోయాక లెక్క చూసుకుందాం" అని 11 దుపట్టాలు తీసుకెళ్ళారు. కాగితం లేదు, మాట మీద. ఎనిమిది నెలల తర్వాత ఏడు తిరిగొచ్చాయి. రోడ్డువైపు అద్దాల బీరువాలో ఎండ తగిలేలా పెట్టారేమో, మడత పైభాగం పసుపు వెలిసిపోయి, లోపలి భాగం కొత్తగా ఉంది. విప్పితే గళ్ళదుప్పటిలా కనిపించింది. మిగిలిన నాలుగింటి డబ్బులో సగమే వచ్చింది. అప్పటి నుంచి నేను ఎవరికిచ్చినా సగం డబ్బు ముందు, ఎన్ని పీసులు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఎండలో పెట్టకూడదు అని ఒక కాగితం. ఈ మాట అడిగితే మొహం ముడుచుకునేవాళ్ళతో పని పెట్టుకోను.

ప్రింటు సరుకు గురించి అడుగుతారని ముందే చెప్తున్నా. స్క్రీన్ మీద అచ్చేసిన కలంకారీ డిజైను మీ ధరలో పదోవంతుకి దొరుకుతుంది, కొనేవాళ్ళు అదే చూపించి బేరమాడతారు. వాళ్ళతో వాదించకండి. గుడ్డ తిరగేసి వెనకవైపు చూపించండి, ఒకే పువ్వు రెండుచోట్ల రెండు రకాలుగా ఉండడం చూపించండి, పాలవాసన చూడమనండి. అయినా ప్రింటే కావాలంటే కొననివ్వండి, వాళ్ళు మీ కస్టమర్లు కారు. అన్నట్టు, చెక్క అచ్చులతో అద్దే మచిలీపట్నం, పెడన కలంకారీ నకిలీ కాదు. అది వేరే పని, వేరే గొప్పతనం. దానికీ మాకూ విడివిడిగా భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఆ గుర్తింపు ఊరికి చెందింది. మీరు మియాపూర్ ఫ్లాట్‌లో గీసినదాన్ని "శ్రీకాళహస్తి కలంకారీ" అని అమ్మకూడదు. "చేత్తో గీసింది, సహజ రంగులు" అని రాసుకోండి, నిజం కూడా అదే.

ఇన్‌స్టాగ్రామ్ ఆర్డర్ల సంగతి. ఒకావిడ మీ బొమ్మని టీషర్టుల మీద వేయించి అమ్ముకుంటోందని బాధపడ్డారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి అడిగి వేయించుకున్న పెయింటింగుకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్ళే. చాలామంది కళాకారులు దీన్ని తిరగేసి అనుకుంటారు. ఒప్పందమంటే వకీలు, స్టాంపు పేపరు అని భయపడక్కర్లేదు. అడ్వాన్సు తీసుకునే ముందు "ఈ బొమ్మ మీ కార్డుకి మాత్రమే, కాపీరైట్ నాదే, వేరే వస్తువుల మీద వెయ్యాలంటే మళ్ళీ మాట్లాడుకోవాలి" అని రాసి పంపి, వాళ్ళతో "సరే" అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. పెద్ద ఆర్డరైతే సంతకాలతో కాగితమే మంచిది. టీషర్టులావిడ విషయంలో మీ దగ్గర ఏమీ రాసి లేదన్నారు కాబట్టి, దాని వెంట తిరిగి టైము పాడుచేసుకోవడం కంటే ఇకపై వచ్చేవాటికి రాసుకోండి.

ఇంకో చిన్న పని. చెయ్యి కాస్త తిరిగాక కేంద్ర హస్తకళల శాఖ చేతిపనివాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డు, పహచాన్ కార్డుకి దరఖాస్తు పెట్టుకోండి. గాంధీ శిల్ప బజార్ లాంటి ప్రభుత్వ మేళాల్లో స్టాల్‌కి దాన్ని అడుగుతారు. కార్డు ఇచ్చేముందు పని చేసి చూపించమంటారు, కాబట్టి తొందరపడి వెళ్ళొద్దు.

ఉద్యోగం ఎప్పుడు మానెయ్యాలి? నోటుపుస్తకంలో వరసగా ఒక ఏడాది, వానాకాలం కూడా కలుపుకుని, కళ మీద వచ్చిన నికరం మీ అద్దె, తిండి, ఇంటికి పంపేది భరించగలిగితే. దానికి తోడు బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉంటే. మీ అమ్మగారు "పెళ్ళిచూపుల్లో ఏం చేస్తుంటాడంటే ఏం చెప్పను" అన్నారని రాశారు, ఆ పేజీలు ఆవిడకే చూపించండి. మా అమ్మకి నేను వేసిన రాముడి పట్టాభిషేకం నచ్చలేదు, ముక్కు బాలేదంది. నాలుగో ఏటి లెక్క చూపించాక మాత్రం ఇంకేం అనలేదు.

ఈలోపు ఈ నెలలో చెయ్యగలిగింది చెప్తాను. ముందు కసిం వేసుకోండి, దానికే టైము ఎక్కువ పడుతుంది. మట్టికుండ, తుప్పు మేకులు, బెల్లం, తాటిబెల్లం, నీళ్ళు. మూత గట్టిగా బిగించకండి, పొంగుతుంది. బాల్కనీలో పెడితే వాసనకి పక్క ఫ్లాటువాళ్ళు వచ్చి అడుగుతారు, ముందే చెప్పి ఉంచండి. అది తయారయ్యేలోగా మూలికల కొట్లో కరక్కాయ తెచ్చుకుని మీటరు గుడ్డ మీద పాలు పట్టించడం రెండు మూడుసార్లు చెయ్యండి. ప్యాకెట్ పాలు కాదు, గేదెపాలు పోసేవాళ్ళ దగ్గర పచ్చివి తెచ్చుకోండి. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో పాత న్యూస్‌పేపర్ల మీద అంచులు గీస్తూ ఉండండి. కసిం నల్లబడ్డాక ఆ మీటరు గుడ్డ మీద ఒక్క ఆకు తీగ గీసి, ఫొటో కాదు, గుడ్డనే కొరియర్‌లో పంపండి, వెనకవైపు కూడా చూడాలి. ఆరెయ్యడానికి మాత్రం ప్లాస్టిక్ తాడే కట్టండి.